ఊరికి పంపే సోలార్ లైటు కొనేముందు

బెంగళూరులో కూర్చుని మన ఊరి బడికో, ఆఫ్రికాలో ఒక క్లినిక్‌కో సోలార్ లైట్లు ఎంచుతున్నారా? బ్రోషర్ పక్కన పెట్టి ముందు ఇది అడగండి: పాడైతే అక్కడ బాగుచేసేది ఎవరు?

దక్షిణాఫ్రికాలో పిల్లలు ఆడుతూ చక్రం తిప్పితే నీళ్లొస్తాయని ప్లేపంపులు పెట్టారు. పిల్లలు లేనప్పుడు ఆ చక్రాన్ని ఆడవాళ్లే తిప్పాల్సొచ్చింది, చెడిపోతే రిపేరుకు బయటివాళ్ల కోసం ఎదురుచూడాల్సొచ్చింది, అంత మంచి ఉద్దేశం ఉండి కూడా. నాకు చాలా బాధనిపించే ఉదాహరణ ఇది.

అందుకే శాంపిల్ తెప్పించి స్క్రూలు విప్పండి. బ్యాటరీ అతికించేశారా, లేక బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు సెల్ వేసుకోవచ్చా? ఒక రోజు ఎండలో పెట్టి, రాత్రి ఫుల్ వెలుగులో ఎన్ని గంటలొచ్చిందో రాసుకోండి, మబ్బు పట్టిన రోజు కూడా. ఐపీ65 అనే రక్షణ రేటింగ్ ఉంటే లైటు దుమ్ము, నీటి జల్లు తట్టుకుంటుంది, నీళ్లలో మునిగితే మాత్రం హామీ లేదు.

ధర ఒక్కటే చూడకండి, మధ్యలో మార్చే బ్యాటరీ ఖర్చూ కలపండి. 1995లో ఇక్కడే మొదలైన సోలార్ కంపెనీ సెల్కో, లైట్లతో పాటు సర్వీసు, బ్యాంకు లోను కూడా చూసుకుంది, మీ సప్లయర్‌నూ అదే అడగండి.

చివరగా, వాడబోయేవాళ్ల చేతికే ఇచ్చి, ఏమీ చెప్పకుండా గమనించండి.