పాత యానిమేషన్ సినిమాల వీడియో సీక్వెల్స్‌ను పిల్లలకు ఎలా ఎంచి చూపించాలి?

పిల్లలకు ఒక బొమ్మల సినిమా నచ్చిందంటే, అది పూర్తయిన మరుక్షణమే రెండో భాగం పెట్టమని అడుగుతారు. డిస్నీ పాత చిత్రాలలో చాలావాటికి ఆ రెండో భాగం ఉంది. 1994 నుంచి 2008 వరకు ఆ సంస్థ తన ప్రసిద్ధ చిత్రాలకు కొనసాగింపులు తీసి, వాటిలో ఎక్కువ భాగాన్ని థియేటర్లకు పంపకుండా నేరుగా వీడియో కాసెట్లుగా, డీవీడీలుగా అమ్మింది. శ్రద్ధగా తీసినవీ, టీవీ కోసం చేసిన ముక్కలను అతికించినవీ ఇందులో కలగలిసి ఉండటం వల్ల, పిల్లల ముందు పెట్టేముందు పెద్దవాళ్లు కొంత పని చేయవలసి ఉంటుంది.

మొదట అసలు సినిమా ఏదో తేల్చుకోండి

ఈ కొనసాగింపులన్నీ చేతితో గీసిన పాత చిత్రాలకు సంబంధించినవి. మన పిల్లల్లో చాలామందికి సింబా 2019లో వచ్చిన కొత్త 'లయన్ కింగ్' ద్వారా, నాని చెప్పిన తెలుగు డబ్బింగ్‌తో పరిచయమయ్యాడు. 1998 నాటి 'ది లయన్ కింగ్ 2: సింబాస్ ప్రైడ్' మాత్రం 1994 చిత్రానికి కొనసాగింపు. సింబా కూతురు కియారా అందులోనూ ఉంది, 2024లో వచ్చిన 'ముఫాసా'లోనూ ఉంది కాబట్టి రెండూ ఒకే కథ అనుకునే ప్రమాదం ఉంది. ముందు 1994 చిత్రం చూపించి, ఆ తరువాతే దీనికి రండి.

అది ఎలా పుట్టిందో తెలుసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. సీక్వెల్ పుట్టుక తెలిస్తే దాని నాణ్యతలో సగం ముందే అర్థమవుతుంది.

ఈ వరుసకు నాంది పలికిన 'ది రిటర్న్ ఆఫ్ జాఫర్' (1994) అల్లావుద్దీన్ టీవీ ధారావాహిక ఆరంభ భాగాలుగా మొదలై, వీడియో సినిమాగా మారింది. అందుకే 1992 చిత్రంలోని నిండైన రంగులు, కదలికలు ఇందులో కనిపించవు. జీనీ గొంతు కూడా మారిపోయింది. మొదటి చిత్రంలో జీనీకి గొంతునిచ్చిన రాబిన్ విలియమ్స్ డిస్నీతో విభేదాల కారణంగా దూరంగా ఉండగా డాన్ కాస్టెలనెటా ఆ పాత్రకు మాట్లాడారు. విలియమ్స్ 1996లో 'అలాడిన్ అండ్ ది కింగ్ ఆఫ్ థీవ్స్'తో తిరిగి వచ్చారు.

చిన్న కథల దండలు రెండో రకం. 'బెల్స్ మ్యాజికల్ వరల్డ్' (1998), 'సిండ్రెల్లా 2' (2002), ఆగిపోయిన టీవీ ధారావాహిక భాగాలతో కూర్చిన 'అట్లాంటిస్: మైలోస్ రిటర్న్' (2003) ఈ కోవలోవి. వీటిని సినిమాగా భావించి ఏకబిగిన చూపిస్తే పిల్లలకు విసుగు పుడుతుంది. రోజుకొక కథ చొప్పున చూపిస్తే బాగానే సాగిపోతాయి.

మొదటి నుంచీ సినిమాగానే ఆలోచించి తీసినవి మూడో రకం. 'సింబాస్ ప్రైడ్', 'ది లయన్ కింగ్ 1½' (2004), 'బ్యాంబీ 2' (2006), 'సిండ్రెల్లా 3' (2007) నా లెక్కలో ముందుంటాయి. ముఖ్యంగా 'సిండ్రెల్లా 3'ని ఎవరూ చిన్నచూపు చూడకూడదని నా గట్టి అభిప్రాయం. మంత్రదండం సవతితల్లి చేతికి చిక్కుతుంది. ఆమె కాలాన్ని వెనక్కి తిప్పి, గాజు చెప్పు తన కూతురు అనస్టేషియా పాదానికి సరిపోయేలా చేస్తుంది. 1950 చిత్రంలో నోరు విప్పడమే అరుదైన రాకుమారుడు ఇక్కడ నిజం తెలియగానే కోట కిటికీలోంచి దూకి సిండ్రెల్లా కోసం బయలుదేరతాడు. చివరకు పెళ్లిపీటల దాకా వచ్చిన అనస్టేషియా తనంతట తానే ఆ పెళ్లి వద్దంటుంది. ఆమె మనసు మారడానికి బీజం 'సిండ్రెల్లా 2' మూడో కథలో పడింది కాబట్టి, ఆ ఒక్క కథ చూపించి మూడో భాగానికి వెళ్లినా చాలు.

విడుదలైన వరుసను కాక కథ వరుసను పాటించండి

పేరులో రెండు అని ఉన్నంత మాత్రాన కథ మొదటిదాని తరువాతే జరగాలని లేదు. 'బ్యాంబీ 2' కథ తల్లి చనిపోయిన తరువాత, బ్యాంబీ పెద్దవాడు కాకముందు, అంటే 1942 చిత్రం మధ్యలో జరుగుతుంది. 'ది లిటిల్ మర్‌మెయిడ్' వరుసలో 2008లో చివరగా వచ్చినది ఏరియల్ బాల్యం గురించినది కాగా, 2000లో వచ్చిన రెండో భాగం ఆమె కూతురు మెలొడీ కథ. అసలు సినిమాను మాత్రం ఎప్పుడూ ముందే చూపించాలి, ఎందుకంటే మిగతావన్నీ ప్రేక్షకులకు అది తెలుసన్న నమ్మకంతోనే తీశారు.

ముందుగా మీరొక్కరే చూడండి

వీటిలో చాలావరకు గంటంబావుకు అటూఇటూ ఉంటాయి కనుక ఇది పెద్ద భారం కాదు. పసివాళ్లను కలవరపెట్టే ఘట్టాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. ఏరియల్ బాల్య కథలో తల్లి మరణం మొదట్లోనే వస్తుంది. తెలుగు ఆడియో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. లేకపోతే పక్కన కూర్చుని కథ చెప్పడానికి సిద్ధపడండి.

కలిసి చూడండి, మధ్యలో ఆపి మాట్లాడండి

'బ్యాంబీ' చూసిన తరువాత మా మేనకోడలు రెండు రోజులపాటు వాళ్లమ్మ ఎటు వెళ్తే అటు వెంటే తిరిగింది. వారం తరువాత 'బ్యాంబీ 2' పెట్టాము. బిడ్డను పెంచడం తన పని కాదనుకునే అడవి రాజు క్రమంగా కొడుకుతో కలిసి పరుగెత్తడం, అతన్ని దగ్గరకు తీసుకోవడం చూసి, "అయితే వాళ్ల నాన్న ఉన్నాడన్నమాట" అని ఊపిరి పీల్చుకుంది. ఇలాంటి చోట సినిమా ఆపి, బిడ్డ చెప్పేది పూర్తిగా వినండి.

ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించుకోండి

డిస్నీ 2006లో పిక్సార్ అనే యానిమేషన్ సంస్థను కొన్న తరువాత ఈ సీక్వెల్స్‌కు స్వస్తి పలికింది కాబట్టి ఆ జాబితాకు ఒక చివర ఉంది. యూనివర్సల్ వారి 'ది ల్యాండ్ బిఫోర్ టైమ్' (1988) సంగతి వేరు. దానికి 1994 నుంచి 2016 వరకు 13 వీడియో సీక్వెల్స్ వచ్చాయి. తల్లిని పోగొట్టుకున్న డైనోసార్ పిల్ల ప్రయాణంగా గంభీరంగా సాగిన మొదటి చిత్రానికీ, పాత్రలు పాటలు పాడుతూ సాగే తరువాతి భాగాలకూ స్వభావంలోనే తేడా ఉంది. అయిదేళ్ల లోపు పిల్లలకు ఆ తరువాతివే తేలికగా ఉంటాయి. వారానికి ఒకటి చొప్పున, రెండు మూడు చూపించి ఆపండి, మిగతావి వాళ్లు మళ్లీ అడిగినప్పుడు చూడవచ్చు.