ఓడ లిస్టులో ముత్తాతను వెతకడం ఎలా

"మా తాతగారి అన్న ఓడెక్కి వెళ్లాడు, మళ్లీ రాలేదు" అని మీ ఇంట్లో కూడా చెప్పుకుంటారా? అయితే ముందు ఏ దేశమో తేల్చుకోండి. మారిషస్‌కి 1834 నుంచే ఒప్పందం మీద కూలీలను తీసుకెళ్లారు, అంటే బ్రిటిష్‌వాళ్లు బానిసత్వం రద్దు చేస్తుండగానే తోటలకి ఇంకో దారి వెతుక్కున్నారన్నమాట. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి 1860 నుంచి 1911 దాకా వెళ్లారు. బర్మా వెళ్లినవాళ్లని ఎక్కువగా కూలీలను కుదిర్చే మేస్త్రీలే పట్టుకెళ్లారు కాబట్టి వాళ్ల కోసం ఈ పద్ధతి పనికిరాదు.

నేటాల్ సంగతే చెప్తాను, అక్కడి ఓడ లిస్టులు, అంటే ఏ ఓడలో ఎవరెవరు వెళ్లారో రాసిన పట్టికలు, బాగా మిగిలాయి. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా దిగినవాళ్లు 1,52,184 మంది, ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. కోర్టు, పెళ్లి, పన్ను, ఏ కాగితంలోనైనా మనిషిని ఆ నంబరుతోనే గుర్తించారు, కాబట్టి మీక్కావలసింది అదే. కానీ నంబరు దొరికేదాకా పేరుతోనే వెతకాలి, అసలు తలనొప్పి అక్కడే. ఇంటిపేరు సాధారణంగా ఉండదు, తండ్రి పేరు ఉంటుంది. గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు కాబట్టి అప్పలస్వామిని నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకండి, పేరు, తండ్రి పేరు, ఊరు, మూడింట్లో రెండు కలిస్తే వదలొద్దు. ఒంటి మీది మచ్చలు కూడా రాసేవారు, "ఎడమ మోచేతి మీద మచ్చ" అని అమ్మమ్మ చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది!

జిల్లాలు ఇప్పటివి కావు. శ్రీకాకుళం వైపు వాళ్లని గంజాం కింద, చిత్తూరు వాళ్లని ఉత్తర ఆర్కాటు కింద చూడండి. విజయనగరం విశాఖపట్నంలోనే ఉండేది.

నంబరు దొరికాక కేసుల కాగితాలు కూడా అడగండి, సిగ్గుపడకండి. ఒప్పందం 5 ఏళ్లు, మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు. పనికి రాకపోయినా, యజమాని చీటీ లేకుండా తోట దాటినా అది నేరమే, జైలుకి పంపేవారు. మన లెక్కలో యజమానితో గొడవ, వాళ్ల చట్టంలో క్రిమినల్ కేసు. కాబట్టి "జైలుకెళ్లాడు" అని కనిపిస్తే దొంగతనం అనుకోకండి, ఏ సెక్షనో చూడండి.

రెండోసారి ఒప్పందం రాశాడా? "అంత నచ్చిందా" అనుకోకముందు తేదీ చూడండి. 1895 చట్టం వచ్చాక వెళ్లినవాళ్లు గడువు తీరాక ఊరికి తిరిగి వెళ్లకుండా, మళ్లీ తోటలో చేరకుండా అక్కడే ఉంటే ఏడాదికి 3 పౌండ్లు కట్టాలి. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, మొదటి ఏడాది జీతంలో ఆరు నెలలది. 1903లో 16 దాటిన మగపిల్లలకి, 13 దాటిన ఆడపిల్లలకి కూడా ఆ పన్ను వేశారు, 1914లో గానీ ఎత్తేయలేదు.

లిస్టులు డర్బన్‌లోని గాంధీ-లుతులీ డాక్యుమెంటేషన్ సెంటర్‌లో ఉన్నాయి. ఉత్తరం రాసేటప్పుడు ఓడ పేరు, ఏడాది, నంబరు మొదటి లైన్లోనే పెట్టండి, ఇంటి కథ అంతా తర్వాత. ఇన్నీ చేసినా దొరక్కపోతే, మీవాడు సొంత టికెట్ కొనుక్కుని వ్యాపారానికి వెళ్లాడేమో ఆలోచించండి. అలాంటివాళ్లకి ఈ నంబర్లుండవు, 1897 తర్వాత అయితే దిగాలంటే యూరప్ భాషలో దరఖాస్తు రాసి చూపించాల్సి వచ్చేది, వాళ్ల కాగితాలు ఇమ్మిగ్రేషన్ ఫైళ్లలో వెతకాలి.