చలికాలం రాకముందే సోరియాసిస్ ఉన్నవారు చూసుకోవలసినవి

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఉండేవారికి వేసవి అంటే ఎంత భయమో కొత్తగా చెప్పనవసరం లేదు. అయితే సోరియాసిస్ ఉన్నవారిలో ఎక్కువమందికి అసలు పరీక్ష కార్తీకంలో మొదలై మాఘం దాటేవరకు సాగుతుంది. గాలిలో తేమ తగ్గి చర్మం ఎండిపోవడం, ఒంటికి ఎండ తగలకపోవడం, వేడి నీళ్ల స్నానాలు, జలుబూ గొంతునొప్పీ, ఇవన్నీ ఆ నెలల్లోనే కలిసివస్తాయి. మచ్చలు పెరిగినప్పుడే మనిషికి ఓపిక నశిస్తుంది. వాడుతున్న మందుల మీద విసుగు పుట్టి, ఎవరో చెప్పిన మరో వైద్యం వైపు మనసు పోయేది కూడా అప్పుడే. అందుకని ఏ మార్పు గురించి ఆలోచించినా, దసరా, దీపావళి మధ్య రోజుల్లో, ఒళ్లు కాస్త నెమ్మదిగా ఉన్నప్పుడే ఆలోచించుకోవాలని నా అభిప్రాయం.

ముందుగా జబ్బు స్వభావం తెలుసుకోవాలి. శరీర రక్షణ వ్యవస్థ అతిగా స్పందించడం వల్ల, సాధారణంగా నెల రోజుల్లో జరగవలసిన చర్మ కణాల ఎదుగుదల కొద్ది రోజుల్లోనే జరిగిపోయి, పైన పొలుసులు పేరుకుంటాయి. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా, ఒకే దువ్వెన వాడినా రాదు. పూర్తిగా నయం చేసే మందు ఏ వైద్యంలోనూ ఇంతవరకు లేదు. ప్రపంచ ఆరోగ్య సభ 2014లో చేసిన తీర్మానం కూడా దీనిని నయం కాని, దీర్ఘకాలిక, అంటువ్యాధి కాని జబ్బుగానే పేర్కొంది. అదుపులో ఉంచడం మాత్రం ఈ రోజుల్లో చాలామందికి సాధ్యమే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ జబ్బు తనంతట తాను పెరుగుతూ, తనంతట తాను తగ్గుతూ ఉంటుంది. పిల్లలకు గొంతునొప్పి తరువాత ఒళ్లంతా చినుకుల్లా వచ్చే రకం, చాలా సందర్భాల్లో కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గిపోతుంది. మచ్చలు బాగా ముదిరినప్పుడు మొదలుపెట్టిన ఏ మందైనా, ఆ తరువాత సహజంగా వచ్చే తగ్గుదలకు కారణంగా కనిపిస్తుంది. ‘మా బావగారికి ఆ పసరుతో పూర్తిగా పోయింది’ అని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు, కానీ ఆయనకు మళ్లీ వచ్చిందా లేదా అని రెండు చలికాలాల తరువాత కూడా అడిగి తెలుసుకోవడం అవసరం.

వేరే వైద్యం మొదలుపెట్టేవారికి అన్నిటికంటే పెద్ద ప్రమాదం కొత్త మందులో కంటే పాత మందును ఒక్కసారిగా ఆపడంలో ఉంటుంది. ‘ముందు ఇంగ్లీషు మందులన్నీ మానెయ్యండి, లోపలున్న రోగమంతా బయటికి రావాలి’ అనే మాట మన ఊళ్లలో తరచుగా వినిపిస్తుంది. స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు వాడుతున్నవారు, క్లోబెటసాల్ వంటి గట్టి పూత మందును ఒంటి మీద ఎక్కువ భాగానికి నెలల తరబడి రాస్తున్నవారు ఆ మాట విని ఆపేస్తే, జబ్బు వెనుకటి కంటే తీవ్రంగా తిరగబడవచ్చు. కొందరికి ఒళ్లంతా ఎర్రబడి వేడి, నీరు, మాంసకృత్తులు చర్మం ద్వారానే పోతాయి. మరికొందరికి చీము పొక్కులు లేచి జ్వరం వస్తుంది. ఈ రెండు స్థితులూ ప్రాణాల మీదికి తెచ్చేవే. రోగం బయటికి వస్తోందనీ, అది మంచి సూచన అనీ ఎవరైనా ఓదారిస్తే నమ్మవద్దు. మారాలని నిర్ణయించుకున్నా సరే, ఆ సంగతి చర్మవైద్యులకు చెప్పి, మోతాదు క్రమంగా తగ్గించుకునే విధానం రాయించుకోండి. చెబితే కోప్పడతారని దాచేవారు చాలామంది ఉన్నారు. కోప్పడినా ఫరవాలేదు, చెప్పవలసిందే.

మెథోట్రెక్సేట్ వాడేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. సోరియాసిస్‌కు ఆ మందు వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి మనిషి చనిపోవచ్చు. వారంలో ఏ రోజు వేసుకోవాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మందుల డబ్బా మూతకు అంటించి, ఇంట్లో మరొకరికి కూడా తెలియజేయండి. ఈ మందు వాడుతూ మద్యం తాగకూడదు. చలికాలపు దగ్గుకూ జ్వరానికీ మందుల షాపులో అడిగి కొట్రైమాక్సజోల్ రకం యాంటీబయాటిక్ గానీ, నొప్పి మాత్రలు గానీ సొంతంగా తెచ్చుకోకూడదు. గర్భం ధరించాలనుకునే స్త్రీలు మెథోట్రెక్సేట్‌ను గానీ, సోరియాసిస్‌కే ఇచ్చే అసిట్రెటిన్ అనే మరో మందును గానీ వాడకూడదు. అసిట్రెటిన్ ఆపిన తరువాత కూడా మూడేళ్లు ఆగాలి.

రెండవ ప్రమాదం, లోపల ఏముందో తెలియని పొడి. పేరు లేని పొట్లాలలోనో, చీటీ అంటించని సీసాలలోనో ఇచ్చే మందు ఎంత పేరున్న చేతి నుంచి వచ్చినా నోట్లో వేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. అటువంటి పొడులలో స్టెరాయిడ్ కలిపి ఇవ్వడం మన దేశంలో పదేపదే బయటపడిన విషయమే. వారం పది రోజుల్లోనే మచ్చలు మాయమై, ఆకలి విపరీతంగా పెరిగి, ముఖం గుండ్రంగా ఉబ్బి, షుగరూ బీపీ పెరుగుతుంటే, మందు మానిన కొద్ది రోజులకే ఒళ్లంతా మళ్లీ లేస్తుంటే, ఆ గుణం మూలికది కాదని అనుమానించండి. అప్పుడు కూడా దానిని మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకుండా, పొట్లంతో సహా వైద్యుల దగ్గరకు వెళ్లాలి.

రసౌషధాల విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పాదరసం, ఆర్సెనిక్, సీసం వంటివి చేరిన మందులు ఆయుర్వేదంలో ఉన్నాయి. చట్టం విషపదార్థాలుగా గుర్తించినవాటితో చేసిన ఆయుర్వేద మందుల మీద, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ముద్రించి ఉండాలి. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ, కలిపిన పదార్థాలు, ఇవన్నీ డబ్బా మీద లేకపోతే ఆ మందు తిరిగి ఇచ్చేయండి. ఇది ఒక్క ఆయుర్వేదానికే చెప్పవలసిన మాట కాదు. 19వ శతాబ్దంలో యూరప్ వైద్యులే సోరియాసిస్‌కు ఆర్సెనిక్ కలిసిన ఫౌలర్ ద్రావణాన్ని ఏళ్ల తరబడి తాగించారు. అరచేతులు, అరికాళ్లు గట్టిపడి, కొందరికి చర్మ క్యాన్సర్ వచ్చిన తరువాత గానీ దాని అసలు రూపం తెలియలేదు.

పైపూతల సంగతి కొంత వివరంగా చెప్పాలి. సోరియాసిస్ ఉన్నవారి చర్మానికి గాయమైన చోట కొత్త మచ్చ పుట్టే గుణం ఉంటుంది. జర్మన్ వైద్యుడు కోబ్నర్ 19వ శతాబ్దంలోనే దీనిని గమనించాడు. జిల్లేడు పాలు, నల్లజీడి నూనె, నూరిన పచ్చి వెల్లుల్లి వంటివి చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తాయి కాబట్టి, ఉన్న మచ్చ పోకపోగా చుట్టూ కొత్తవి లేస్తాయి. బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చోమని చెప్పేవారున్నారు. ఆ గింజలలో సోరలెన్ అనే, చర్మాన్ని ఎండకు సున్నితం చేసే పదార్థం ఉందన్నది నిజమే, ఆసుపత్రుల్లో అటువంటి మందు ఇచ్చి అతినీలలోహిత కిరణాలు పట్టించే చికిత్స ఉన్నదీ నిజమే. కానీ అక్కడ మోతాదునూ కాంతినీ సెకన్లలో లెక్కగడతారు. మన మేడమీద ఎండకు ఆ లెక్క ఉండదు, చర్మం ఒక్క పూటలో కాలిపోతుంది. ఆ గింజల పొడి లోపలికి తీసుకుంటే కాలేయానికి కూడా హాని జరగవచ్చు.

‘రోగనిరోధక శక్తి పెంచే’ కషాయాలను ఈ జబ్బుకు మందుగా భావించడం కూడా సరికాదు, ఎందుకంటే ఇక్కడ ఆ వ్యవస్థ మితిమీరి పనిచేయడమే సమస్య. కోవిడ్ కాలంలో తిప్పతీగ తీసుకున్న కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించింది. ఆ వాదం ఎలా ఉన్నా, మెథోట్రెక్సేట్ వాడుతూ కాలేయ పరీక్షలు చేయించుకుంటున్నవారు అటువంటి వాటికి దూరంగా ఉండడమే క్షేమమని నా నమ్మకం.

అలాగని వేరే దారులన్నీ మూసుకుపోయాయని కాదు. కొబ్బరినూనె పొలుసును మెత్తబరుస్తుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టు ఆకులను కొబ్బరినూనెలో నానబెట్టి ఎండలో ఉంచి తీసే తైలం సిద్ధ వైద్యంలో ఎంతోకాలంగా వాడుకలో ఉంది. మోచేతి మీద చిన్న చోట కొన్నాళ్లు రాసి చూసి, మంట పుట్టకపోతే కొనసాగించవచ్చు. ధ్యానం విషయంలో నాకు మరింత నమ్మకం ఉంది. 1998లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ బృందం, కాంతి చికిత్స తీసుకుంటూ ధ్యాన సూచనలు విన్నవారికి మచ్చలు త్వరగా తగ్గినట్టు ప్రచురించింది. అది చిన్న అధ్యయనమే, పైగా అక్కడ ధ్యానం చికిత్సకు తోడుగా ఉంది గానీ బదులుగా లేదు. మాత్రలంటే భయపడి వేరే వైద్యం వెతికేవారు ఈ కాంతి చికిత్స గురించి చర్మవైద్యులను తప్పక అడగాలి. మాత్ర మింగకుండానే వారానికి రెండు మూడుసార్లు నారోబ్యాండ్ యూవీబీ అనే ఒక రకం అతినీలలోహిత కాంతిని ఒంటికి పట్టించడమే ఈ చికిత్స.

ఆయుర్వేదమే కావాలనుకునేవారికి విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. హోమియో కోరేవారికి గుడివాడలో గురురాజు ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉంది. చదువుకున్న వైద్యులు, రాసిచ్చే చీటీ, అడిగితే చెప్పే జవాబు, ఇవి అటువంటి చోట దొరుకుతాయి. పంచకర్మ అంటే వమనం (వాంతి చేయించడం), విరేచనం ఉంటాయి కాబట్టి గర్భిణులు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, ఒళ్లంతా ఎర్రబడి నీరసంగా ఉన్నవారు వాటి జోలికి వెళ్లకూడదు. హోమియో మాత్రల వల్ల సోరియాసిస్ అదుపులోకి వస్తుందనడానికి గట్టి రుజువు లేదు. వాటితో కాలం గడుపుతూ కీళ్లను నిర్లక్ష్యం చేయడమే నన్ను కలవరపెట్టే విషయం. పొద్దున లేవగానే వేళ్లు అరగంటకు పైగా బిగుసుకుపోవడం, ఒక వేలు మొత్తం ఉబ్బడం, మడమ నొప్పి, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు కనిపిస్తే అది కీళ్లకు పాకిన సోరియాసిస్ కావచ్చు. అరిగిన కీలు మళ్లీ రాదు గనుక ఏ ప్రయోగానికీ ఆగకుండా కీళ్ల వైద్యులను కలవాలి.

ఇక ఈ నెలలకే ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. మండే వేడి నీళ్లు, సున్నిపిండితో గట్టిగా రుద్దడం, కుంకుడు రసం మాడుకు పట్టించడం చలికాలంలో మానుకోండి. గోరువెచ్చని నీటితో తక్కువసేపు స్నానం చేసి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గానీ తెల్ల పెట్రోలియం జెల్లీ గానీ రాసుకోవాలి. అయ్యప్ప మాల, భవానీ దీక్ష తీసుకునేవారు చన్నీళ్ల స్నానానికి భయపడనక్కర లేదు, కానీ రెండు పూటలా స్నానమయ్యాక నూనె రాయడం మరువకూడదు. అరికాళ్లలో పగుళ్లున్నవారు చెప్పులు లేకుండా తిరగవలసి వస్తుంది గనుక గురుస్వామికి ముందే చెప్పి సడలింపు అడగాలి. దీక్ష పేరుతో మందులు ఆపవద్దు. తలనీలాలు మొక్కుకున్నవారికి మాడు మీద మచ్చలు ఉంటే, అవి తగ్గాక మొక్కు తీర్చుకోవడం మంచిది. కత్తి గాటు పడిన ప్రతిచోటా మచ్చ లేచే అవకాశం ఉంది. పచ్చబొట్టు, సంక్రాంతికి ముందు ఇంటి సున్నాలు వట్టి చేతులతో వేయడం, భోగిమంట దగ్గర నిప్పురవ్వలు, ఇవన్నీ ఆ కోవలోవే. మిర్చి యార్డులో, కోత పనుల్లో ఉండే గుంటూరు వాళ్లు పగిలిన అరచేతులకు నూలు గ్లవ్సు, దాని మీద రబ్బరు గ్లవ్సు వేసుకోవాలి.

గొంతునొప్పి వస్తే, ముఖ్యంగా పిల్లలకు, ఇంటి వైద్యంతో సరిపెట్టకుండా చూపించండి. బీపీకి వాడే బీటా బ్లాకర్లు, లిథియం, మలేరియాకిచ్చే క్లోరోక్విన్ ఈ జబ్బును పెంచగలవు కాబట్టి, ఏ వైద్యుని దగ్గరకు వెళ్లినా సోరియాసిస్ ఉందని ముందే చెప్పాలి. పొగ, మద్యం మానడం, బరువు తగ్గడం నిజంగా మేలు చేస్తాయి. వంకాయ, గోంగూర, చేప, గుడ్డు అన్నీ మానిపించే కఠిన పత్యాలకు మాత్రం ఆధారం లేదు. పొలుసులతో మాంసకృత్తులు పోతున్న మనిషికి గుడ్డూ పప్పూ తగ్గించడం నష్టమే.

ఒళ్లంతా ఎర్రబడి వణుకు పుట్టినా, చీము పొక్కులతో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మెథోట్రెక్సేట్ వాడేవారికి నోరు పూసినా తెల్లవారేదాకా ఆగవద్దు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో ఏది దగ్గరైతే అక్కడి అత్యవసర విభాగానికి ఆ రాత్రే వెళ్లండి. అప్పటివరకు వాడిన ప్రతి సీసా, పొట్లం, ట్యూబు ఒక సంచిలో వేసుకుని వెంట తీసుకువెళ్లి, ఏది ఎన్నాళ్లు వాడారో, ఏది ఎప్పుడు ఆపారో దాచకుండా డ్యూటీ డాక్టరుకు చెప్పండి.