దీవికి ఇద్దరూ బయల్దేరే ముందు

• తిరుగు పడవకీ విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. గాలి ముదిరితే పడవలు ఆపేస్తారు.

• ఏటీఎంని నమ్ముకోవద్దు. నగదు ఇద్దరి దగ్గరా చెరిసగం.

• అలలు విరగకుండా నున్నగా కనిపించే చోటే ఈతకి దిగాలనిపిస్తుంది. రిప్ కరెంట్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగేసే ప్రవాహం) ఉండేది తరచూ అక్కడే. లాగేస్తే ఎదురీదకండి, ఒడ్డు వెంబడి పక్కకి ఈదండి. ఒకరు చిక్కుకుంటే రెండోవాళ్లు వెంటనే దూకొద్దు, అది ఎంత కష్టమైనా సరే. తేలే వస్తువు విసిరి, కేకేసి సాయం పిలవండి.

• కోన్ ఆకారపు గవ్వల్ని ముట్టుకోకండి. లోపలి నత్త కుడితే ప్రాణాలే పోవచ్చు.

• తాబేళ్లు గుడ్లు పెట్టే తీరంలో టార్చ్, ఫ్లాష్ వద్దు. తల్లి గుడ్లు పెట్టకుండానే వెనుదిరగొచ్చు. పిల్లలు సముద్రాన్ని వదిలి వెలుగు వైపు పాకుతాయి.

• సన్‌స్క్రీన్‌లో ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉందేమో చూడండి. పగడాలకి హాని అని హవాయి 2021 నుంచి అది ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకం ఆపేసింది. పొడుగు చేతుల చొక్కా అయితే ఖర్చూ తక్కువే.