సిక్కోలులో కూర్చుని అక్రింగ్టన్ సీజన్ లెక్క రాయడం ఎలా

ముందు ఒక ఎ3 పేపరు కావాలి. నాది జిరాక్సు షాపు కాబట్టి పేపరుకి కొదవ లేదు. మీరు చార్టు ముక్కయినా తీసుకోవచ్చు. దాని మీద అడ్డంగా 5, నిలువుగా 10, మొత్తం 50 గళ్ళు గీయండి. కుడి చివర సన్నగా ఇంకో వరస వదలండి. అదెందుకో తర్వాత చెప్తాను, అసలు పనంతా ఆ సన్న వరసలోనే ఉంది.

శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో కూర్చుని 2015-16 నుంచి నేను అక్రింగ్టన్ స్టాన్లీ అనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు లెక్క రాస్తున్నాను. మా బావమరిది ఏడాదికోసారైనా అడుగుతాడు: "ఏటి బావా, మీవోళ్ళు పైకెళ్తన్నారా, కిందకెళ్తన్నారా?"

"ఎక్కడికీ ఎళ్ళరు."

"మరెందుకు సూత్తన్నావు?"

వాడికి ఒక్క మాటలో చెప్పడం నావల్ల కాలేదు. పద్ధతి మాత్రం చెప్పగలను.

జట్టు ఎంచుకోవడం

ఇంగ్లండ్‌లో పైన ప్రీమియర్ లీగ్, 20 జట్లు. దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అని మూడు మెట్లు, అంటే డివిజన్లు, ఒక్కోదాంట్లో 24 జట్లు. ఈ మూడింట్లో ఎక్కడైనా ఒక్కో జట్టు 46 లీగ్ మ్యాచ్‌లు ఆడాలి. మీకు కావాల్సింది ఈ 72 జట్లలో ఒకటి. పేరు పలకడానికి బాగుందనో, చొక్కా రంగు నచ్చిందనో ఎంచుకుంటే నవంబరుకే విసుగొస్తుంది. ఊరితో మీకేదో ఒక పేచీ అయినా ఉండాలి.

నాకున్నది బట్టల పేచీ. మా నాన్నమ్మ పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి నూలు వడికేది. ఆ నూలుకి శత్రువు ఎవరంటే లాంకషైర్ మిల్లు బట్ట. అక్రింగ్టన్ ఆ లాంకషైర్‌లోనే, బ్లాక్‌బర్న్‌కీ బర్న్‌లీకీ మధ్య ఉన్న మిల్లుల ఊరు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళిన గాంధీగారు, మన బహిష్కరణ వల్ల పనులు పోయిన మిల్లు కార్మికుల్ని చూడ్డానికి ఆ పక్కనే ఉన్న డార్వెన్ దాకా వచ్చారు. శత్రువు ఇల్లు ఎలా ఉంటుందో చూద్దామని మ్యాపులో వెతికాను. చూస్తే అక్కడా మిల్లులు మూతబడ్డాయి, మిగిలింది ఐదున్నర వేల లోపు జనం పట్టే ఒక గ్రౌండు. శత్రుత్వం అక్కడితో సరి.

ఆ జట్టు కథ కూడా మామూలుది కాదు. పాత స్టాన్లీ అప్పుల్లో మునిగి 1962లో సీజన్ మధ్యలోనే లీగ్ నుంచి తప్పుకుంది. ఆ ఖాళీలోకి ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌ని తీసుకున్నారు. 1968లో అక్రింగ్టన్ వాళ్ళు క్లబ్బుని మళ్ళీ మొదలుపెట్టి, మెట్టుమెట్టూ ఎక్కి 2006లో తిరిగి లీగ్‌లోకి వచ్చారు. అదే ఏడాది లీగ్ నుంచి కిందకి పోయిన జట్లలో ఆక్స్‌ఫర్డ్ ఒకటి. మన సినిమాల్లో కూడా ఇంత పూసగుచ్చినట్టు రాయరు.

గడియారం సంగతి

శనివారం మ్యాచ్ అక్కడ మధ్యాహ్నం 3కి మొదలవుతుంది. ఎండాకాలం టైము నడిచినన్నాళ్ళూ మనకి రాత్రి 7:30. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అక్కడినుంచి మార్చి ఆఖరి ఆదివారం దాకా మనకి 8:30. మొదటి ఏడాది నాకిది తెలీదు. నవంబరు మొదటి శనివారం ఏడున్నరకే షాపు షట్టరు దించి ఇంటికొచ్చి కూర్చుంటే స్క్రీన్ మీద ఏమీ లేదు. నెట్ ఇచ్చే వాళ్ళకి ఫోన్ చేసి గట్టిగానే తిట్టాను. పాపం వాళ్ళు కుర్రాణ్ణి పంపించారు కూడా. వాడు వైర్లన్నీ విప్పి మళ్ళీ బిగించేసరికి 8:30 అయింది, మ్యాచ్ వచ్చేసింది. "చూశారా సార్, లూజ్ కనెక్షన్" అన్నాడు. టీ ఇచ్చి పంపాను.

మంగళవారం మ్యాచ్‌లే కష్టం. అక్కడ రాత్రి 7:45 అంటే మనకి ఎండాకాలంలో 12:15, చలికాలంలో 1:15. అన్నీ మేలుకుని చూడాలని పెట్టుకోకండి. చలికాలం మంగళవారాలు నేను చూడను, పొద్దున్న పాలు తెచ్చేటప్పుడు స్కోరు చూసుకుంటాను. ఒక అక్టోబరులో విజయనగరంలో మా అక్కావాళ్ళింట్లో ఉన్నాను. సిరిమానోత్సవం ఎప్పుడూ మంగళవారమే కదా. ఇల్లంతా చుట్టాలు, వరండాలో చాపల మీద పన్నెండుమంది. నేను దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని చూస్తుంటే అక్కడి బావ లేచి, "1936లో మన విజయనగరం విజ్జీ ఇంగ్లండ్ దాకా క్రికెట్ టీముని తీసుకెళ్ళి ఓడిపోయొచ్చాడు. నువ్వు చాప మీంచి లేవకుండానే ఓడిపోతన్నావు కదరా" అన్నాడు. అప్పటికి 0-1.

వీడియో కావాలంటే క్లబ్ వెబ్‌సైట్‌లోనే పాస్ అమ్ముతారు. ఏ మ్యాచ్‌కి వీడియో ఉందో, దేనికి ఆడియో మాత్రమే ఉందో ఆ వారమే చూసుకోండి. ఏమీ లేకపోతే బీబీసీ పేజీలో స్కోరు వస్తుంది, ఉచితమే. ఇక్కడొక తమాషా ఉంది. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా లైవ్ ఫుట్‌బాల్ ప్రసారం చెయ్యకూడదు. టీవీలో పెద్ద మ్యాచ్ వస్తే చిన్న ఊళ్ళ గ్రౌండుకి జనం రారని 1960ల్లో పట్టుబట్టి ఈ ఆంక్ష తెచ్చినాయన బాబ్ లార్డ్, పక్కూరు బర్న్‌లీ క్లబ్ ఛైర్మన్. ఆ నిషేధం మనకి వర్తించదు. అక్రింగ్టన్‌లో ఇంట్లో కూర్చున్న వాడికి దొరకని మ్యాచ్ శ్రీకాకుళంలో నాకు దొరుకుతుందన్నమాట.

ఇంకో చిట్కా. హాఫ్ టైమ్ పదిహేను నిమిషాలు. చలికాలంలో సుమారు 9:15కి వస్తుంది. అన్నం ఆ టైముకి పెట్టమని ఇంట్లో ముందే ఒప్పందం చేసుకోండి. మా ఆవిడకి లీగ్ టేబుల్ తెలీదు కానీ హాఫ్ టైమ్ నాకన్నా బాగా తెలుసు.

గళ్ళు నింపడం

జూన్‌లో మ్యాచ్‌ల జాబితా రాగానే జట్ల పేర్లన్నీ గళ్ళలో రాసేయకండి. నేనలా చేశాను, అదీ పెన్నుతో. జనవరిలో గ్రౌండు గడ్డకట్టి ఒకటి, వానకి చిత్తడై ఇంకొకటి వాయిదా పడ్డాయి. ఫిబ్రవరికి నా చార్టు దిద్దుబాట్లతో నిండిపోయింది. జాబితా వేరే కాగితం మీద ఉంచుకోండి. మ్యాచ్ అయ్యాకే, అయిన వరసలోనే గడి నింపండి. గడిలో నాలుగే రాయాలి: ఎవరితో, ఇంట్లోనా బయటా, స్కోరు, పాయింట్లు. గెలిస్తే 3, డ్రా అయితే 1.

ఒక అడ్డవరస అంటే ఐదు మ్యాచ్‌లు. వరస నిండగానే ఆ ఐదింటి పాయింట్లు కూడి కుడి చివర సన్న గడిలో వెయ్యండి. మా నాన్నమ్మ నూలు చిలపలు కూడా ఐదేసి కట్టలుగానే లెక్కపెట్టేది. ఆ అలవాటే నాకొచ్చిందేమో.

ఇప్పుడు ఆ అంకె చదవడం నేర్చుకోవాలి. వరసకి 5 చొప్పున వస్తే 46 మ్యాచ్‌లకి 46 పాయింట్లు. లీగ్ వన్‌లో దాంతో బతకడం కష్టం, అక్కడ కింది నాలుగు జట్లు దిగిపోతాయి. వరసకి 6 వస్తే 55. వరసకి 8 వస్తే 73, 74. ఉత్త లెక్క అనుకోకండి, 2018-19 లీగ్ వన్ పట్టిక తీసి చూడండి. మావాళ్ళు 55 పాయింట్లతో 14వ స్థానం. ఆరో స్థానంలో డాన్‌కాస్టర్ 73తో ప్లే ఆఫ్స్‌కి, అంటే పై డివిజన్‌లో మిగిలిన ఒక్క చోటు కోసం ఆడే మ్యాచ్‌లకి వెళ్ళింది. 21వ స్థానంలో ప్లిమత్, 50 పాయింట్లు తెచ్చుకుని కూడా గోల్ తేడాతో (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చేది) కిందకి పోయింది. 50 వస్తే గండం గట్టెక్కినట్టే అని అందరూ అనే మాట ఆ ఏడాది పనిచెయ్యలేదు.

మళ్ళీ చూడండి: ప్రతి ఐదు మ్యాచ్‌లకీ ఇంకో రెండు పాయింట్లు వచ్చుంటే మావాళ్ళు ప్లే ఆఫ్స్‌లో ఉండేవాళ్ళు. ఒక్కటి తగ్గుంటే కింది డివిజన్‌లో. ఒక్క పాయింటంటే ఏమిటి? ఆఖర్లో బంతి స్తంభానికి తగిలి బయటికి పోవడం. మధ్యలో ఉన్న జట్టుకి టెన్షన్ ఏముంటుంది అనేవాళ్ళకి ఈ సన్న వరస చూపిస్తాను. పట్టికలో స్థానం మాత్రం వారంవారం చూడకండి. అది మీ జట్టు ఆడకపోయినా మారుతుంది. వాయిదాలున్న నెలల్లో అయితే ఒకడు 30 ఆడి ఉంటాడు, ఇంకొకడు 27. ఆ పట్టికని నమ్మితే బీపీ తప్ప ఏమీ రాదు.

వరసలో 4 కన్నా తక్కువ వస్తే కారణం వెతకండి. చాలాసార్లు కారణం జనవరిలో దొరుకుతుంది. కింది డివిజన్లలో సగం బలం అరువు కుర్రాళ్ళదే, పెద్ద క్లబ్బులు ఆట నేర్చుకోమని లోన్ మీద పంపిస్తాయి. వాడు బాగా ఆడితే జనవరిలో వెనక్కి పిలిపించుకుంటాయి. మనం పేరు పలకడం నేర్చుకునేసరికి వాడు ఉండడు. అలాంటప్పుడు గడి పక్కన చిన్న చుక్క పెడతాను. మార్చిలో చూస్తే పతనం ఆ చుక్క నుంచే మొదలై ఉంటుంది.

2018 అక్టోబరు వరసలో రెండు గళ్ళు వేరే రంగులో ఉంటాయి. తిత్లీ తుపాను వచ్చినప్పుడు మేం మా అత్తగారి ఊరు, ఉద్దానం వైపు ఉన్నాం. కరెంటు లేదు, ఫోన్ లేదు, కొబ్బరిచెట్లన్నీ నేలమీదే. ఊళ్ళోకి తిరిగొచ్చాక ఆకుపచ్చ పెన్నుతో నింపాను. అప్పటి స్కోర్లు చూసినా ఇప్పటికీ నాకేమీ గుర్తురాదు.

మిగిలిన నాలుగు గళ్ళు

46 పోతే నాలుగు మిగుల్తాయి. మొదటిది ఆగస్టులో మొదలయ్యే లీగ్ కప్‌కి, ఓడితే ఇంటికే కాబట్టి అది త్వరగానే అయిపోతుంది. రెండోది ఎఫ్ఏ కప్‌కి, అదీ ఓడితే ఇంటికే. లీగ్ వన్, లీగ్ టూ జట్లు నవంబరులో మొదటి రౌండ్ నుంచి ఆడతాయి. రెండు రౌండ్లు గట్టెక్కితే జనవరిలో మూడో రౌండ్, అక్కడ పెద్దవాళ్ళు దిగుతారు. 2025 జనవరి 11న మావాళ్ళకి లివర్‌పూల్ తగిలింది, వాళ్ళ గ్రౌండు ఆన్‌ఫీల్డ్‌లోనే. ఆ ఒక్కరోజు నా షాపులో జిరాక్సు కోసం వచ్చినవాళ్ళు కూడా నిలబడి చూశారు. "మీవోళ్ళెవులు, ఎర్రసొక్కాలా?" అనడిగాడొకాయన. మామూలుగా ఔను, ఇవాళ మాత్రం కాదు అని చెప్పాల్సొచ్చింది. 4-0తో ఓడిపోయాం. ఆ గడిలో స్కోరు కింద "ఆన్‌ఫీల్డ్" అని కాస్త పెద్దక్షరాలతోనే రాసుకున్నాను.

మూడో గడి 50 పాయింట్లు దాటిన తేదీకి. మార్చిలో దాటితే మిగతా సీజన్ కాలుమీద కాలేసుకుని చూడొచ్చు. కొత్త కుర్రాళ్ళని దింపుతారు, పాతవాళ్ళు కాంట్రాక్టు కోసం ఆడతారు. నాకు ఆ వారాలే ఎక్కువ ఇష్టం.

నాలుగోది మేనేజర్ మారితే రాయడానికి. కింది డివిజన్లలో కొందరికి ఈ ఒక్క గడి చాలదు. మాకు జాన్ కోల్‌మన్ 1999 నుంచి 2012 దాకా, మళ్ళీ 2014 నుంచి ఉండటంతో నా చార్టుల్లో ఇది ఏళ్ళతరబడి ఖాళీ. 2024 మార్చిలో నిండింది. ఆ రోజు పెన్ను తీసి, కాసేపాగి రాశాను.

ఆఖరి మ్యాచ్

తొమ్మిది వరసలు నిండాక పదో వరసలో ఒక్క గడే ఉంటుంది. ఆ రోజు డివిజన్‌లో మ్యాచ్‌లన్నీ ఒకే టైముకి మొదలవుతాయి. మీ జట్టు మధ్యలో ఉంటే మీకు పని లేదు కాబట్టి, పైనా కిందా తగలబడుతున్న వాళ్ళ స్కోర్లు కూడా తెరిచి పెట్టుకోండి. నేను మొదలుపెట్టిన ఏడాదే, 2016 మేలో, తగలబడింది మేమే. అప్పుడు లీగ్ టూలో ఉన్నాం. ఇంటి దగ్గర స్టీవనేజ్‌తో 0-0. మూడో స్థానం వస్తే నేరుగా పై డివిజన్. అటు బ్రిస్టల్ రోవర్స్ అదనపు నిమిషాల్లో గోల్ కొట్టింది. ఇద్దరికీ 85 పాయింట్లే, గోల్ తేడాతో వాళ్ళు మూడు, మేం నాలుగు. తర్వాత ప్లే ఆఫ్స్‌లోనూ పోయాం. ఆ రాత్రి చూసిన నాకు తర్వాత లీగ్ వన్‌లో వచ్చిన 14, 17, 11, 12 స్థానాలు ఎంత చల్లగా అనిపించాయో మా బావమరిదికి ఎలా చెప్పను?

సీజన్ అయ్యాక చార్టుని మడత పెట్టకండి, మడతల దగ్గర అంకెలు చెరిగిపోతాయి. చుట్టి రబ్బరుబ్యాండు వేస్తే ఎండకి బ్యాండు కరిగి అంటుకుపోతుంది, నూలుదారం కట్టండి. కొత్త జాబితా జూన్‌లో వస్తుంది. అప్పటికి ఇంకో పేపరు గీసి సిద్ధంగా పెట్టుకోండి.