డ్రాఫ్ట్ కళ్లతో కాలేజీ ఫుట్‌బాల్ – పాఠం 5: రిసీవర్‌ను చూసేటప్పుడు బంతిని వదిలేయండి

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్లు కాలేజీ ఆటగాళ్లను వరుసగా ఎంచుకునేదే డ్రాఫ్ట్; అంతకుముందే ఆటగాడిని అంచనా వేయడం ఈ పాఠాల పని. గత పాఠంలో క్వార్టర్‌బ్యాక్‌ను చూశాం. ఈసారి అతను విసిరే బంతిని అందుకునే వైడ్ రిసీవర్. ఈ స్థానంలో అంచనాలు తప్పడానికి పెద్ద కారణం, చూసేవాళ్ల కళ్లు బంతి వెంట పోవడమే. రిసీవర్ గెలిచాడా ఓడాడా అన్నది చాలావరకు బంతి గాల్లోకి లేవకముందే తేలిపోతుంది. ఒక మ్యాచ్‌లో అతను 30 రూట్లు (ముందే అనుకున్న పరుగు దారులు) పరుగెత్తి, 8 సార్లు బంతి అతని వైపు వచ్చిందనుకోండి. మిగతా 22 రూట్లు చూడకుండా మార్కులు వేయకండి.

హైలైట్ వీడియోలు అసలు ముట్టుకోవద్దు. వాటిలో చేజారిన బంతి ఒక్కటీ ఉండదు. నాలుగు పూర్తి మ్యాచ్‌లు ఎంచుకోండి: ఆ సీజన్‌లో అతనికి ఎదురైన మేటి కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ను కాపు కాసే డిఫెండర్) ఆడినది ఒకటి, సొంత జట్టు చిత్తుగా ఓడినది ఒకటి, వానలోనో గడ్డకట్టే చలిలోనో ఆడినది ఒకటి, అంతకుముందు ఏడాదిది ఒకటి. ఆ చివరిది ఎందుకంటే, ఏడాదిలో ఏం నేర్చుకున్నాడో చెప్పేది అదే. టీవీ కెమెరా దూరం వెళ్లిన రిసీవర్‌ను చాలాసార్లు ఫ్రేములోంచి వదిలేస్తుంది. మైదానంలోని 22 మందీ కనిపించే ‘ఆల్-22’ వీడియో దొరికితే అదే వాడండి. దొరక్కపోతే మీ పట్టీలో ఆ రూట్ గడిలో ‘కనబడలేదు’ అని రాయండి, ఊహతో నింపకండి.

చిన్న డివిజన్ ఆటగాడైతే పెద్ద కాలేజీలతో ఆడిన మ్యాచ్‌లే ముందు చూడాలి. ఈస్టర్న్ వాషింగ్టన్ తరఫున ఆడిన కూపర్ కప్ 2015లో ఒరెగాన్ మీద 15 క్యాచ్‌లు, 246 గజాలు, 3 టచ్‌డౌన్లు సాధించాడు. ‘ఎదుటివాళ్లు బలహీనులు’ అన్న అనుమానాన్ని ఇలాంటి మ్యాచ్‌తోనే పరీక్షించాలి.

ఇక ప్రతి రూట్‌నూ మూడుసార్లు చూడండి.

మొదటిసారి స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) తర్వాతి 5 గజాలు మాత్రమే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కార్నర్ రిసీవర్‌ను తోసి ఆపగలిగేది ఆ 5 గజాల లోపలే, కాబట్టి అక్కడ గట్టిగానే తోస్తాడు. కాలేజీలో చాలామంది కార్నర్లు ఏడెనిమిది గజాలు వెనక్కి నిలబడతారు. అలాంటి ఖాళీ దొరికినవాడి రిలీజ్ (ఆట మొదలయ్యే గీత దగ్గర్నుంచి బయటపడటం) ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే ముఖానికి ముఖంగా నిలబడిన ప్రెస్ ఎన్నిసార్లు ఎదురైందో లెక్కపెట్టండి. నాలుగు మ్యాచ్‌లూ కలిపి 15 దాటకపోతే ‘తేలలేదు’ అని రాయడమే న్యాయం. ఉన్నచోటే అడుగులు తొక్కుతూ తడబెట్టడం చూడముచ్చటగా ఉంటుంది గానీ, క్వార్టర్‌బ్యాక్‌కు దొరికేది రెండున్నర సెకన్లు. అందులో ఒక సెకను గీత దగ్గరే ఖర్చయితే రూట్ చచ్చినట్టే.

రెండోసారి మలుపు. ఈ పాఠంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. 12 గజాలు నేరుగా పరుగెత్తి లోపలికి తిరిగే ‘డిగ్’ రూట్ తీసుకుని, వీడియోను పావు వేగానికి తగ్గించండి. పదో గజం దగ్గర భుజాలను చూడండి. అవి పైకి లేచి ఛాతీ నిటారైతే బ్రేకు వేయబోతున్నాడని కార్నర్‌కు కబురందినట్టే. మంచి రిసీవర్ ఛాతీని మోకాళ్ల మీదికి వంచే ఉంచి, నడుమును కిందికి దించి, రెండు మూడు అడుగుల్లో వేగం చంపుకుంటాడు. ఐదారు అడుగులు పడితే కార్నర్ తేరుకుంటాడు. తర్వాత బయటి పాదం చూడండి. మడమ నేలకు తగిలి జారితే మలుపు గుండ్రంగా వస్తుంది, బంతికీ రిసీవర్‌కూ మధ్య కార్నర్ దూరిపోతాడు. ఆ గుండ్రటి మలుపులే తర్వాత ఇంటర్‌సెప్షన్లవుతాయి (బంతి ఎదుటి జట్టు చేతికి పోతుంది), నింద మాత్రం క్వార్టర్‌బ్యాక్ మీద పడుతుంది.

ఎడం ఎంత వచ్చిందో కొలవాల్సిన క్షణం, క్వార్టర్‌బ్యాక్ చేయి వెనక్కి పోయినప్పుడు. క్యాచ్ పట్టిన క్షణంలో కాదు, అప్పటికి కార్నర్ దగ్గరికి చేరిపోయి ఉంటాడు. కార్నర్ చేయి చాపినా అందనంత దూరముంటే గెలుపు, చాపితే అందితే సమం, ఒంటికి అంటుకుని ఉంటే ఓటమి. బంతి అతనికి రాకపోయినా ఈ మార్కు వేయాల్సిందే.

ఇక్కడే మైదానం కూడా మోసం చేస్తుంది. కాలేజీ, ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానాలు రెండింటి వెడల్పూ 160 అడుగులే. కానీ బంతిని ఉంచే హ్యాష్ గీతలు కాలేజీలో 40 అడుగుల ఎడంలో ఉంటే, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. బంతి ఒక గీత మీదుంటే కాలేజీలో వెడల్పు వైపు 100 అడుగులు దొరుకుతాయి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 89 చిల్లర. అందుకే వెడల్పు వైపు గెలిచిన రూట్లను వేరే వరుసలో రాయండి. ఎక్కువ గెలుపులు అక్కడే ఉంటే అంచనా తగ్గించాలి.

మూడోసారి బంతి. చేతులతో పట్టాడా, ఛాతీకి అదుముకున్నాడా? పక్కగీత దగ్గర పాదాలు ఆపి చూడండి. కాలేజీలో ఒక పాదం లోపల పడితే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ పడాలి. కాలేజీ స్కోరులో చేరిన కొన్ని క్యాచ్‌లను మీ పట్టీలో కొట్టేయాల్సి వస్తుంది. డ్రాప్‌లను (చేజారిన బంతులను) మొత్తం టార్గెట్లతో, అంటే అతని వైపు వచ్చిన బంతులన్నిటితో భాగించకండి, పట్టదగిన బంతులతోనే భాగించండి. 90 టార్గెట్లలో పట్టదగినవి 66, చేజారినవి 6 అనుకుంటే 9 శాతం. 90తో భాగిస్తే 7 కూడా రాదు, అంటే క్వార్టర్‌బ్యాక్ చెత్త విసురులు రిసీవర్ తప్పును దాచేస్తాయి.

ఇదంతా రాశాకే ఇండియానాపోలిస్ కంబైన్ (డ్రాఫ్ట్‌కు ముందు జరిగే పరుగు, కొలతల పరీక్షలు) అంకెలు తెరవండి. ముందే చూస్తే 40 గజాల పరుగు కళ్లను కమ్మేస్తుంది. 2017లో రిసీవర్ జాన్ రాస్ 4.22 సెకన్లతో అప్పటి రికార్డు కొట్టాడు, డ్రాఫ్ట్‌లో 9వ స్థానంలో సిన్సినాటి జట్టు తీసుకుంది. గాయాలూ వెంటాడాయి, తొలి సీజన్‌లో ఒక్క క్యాచ్ లేదు. అదే ఏడు 4.62 పరుగెత్తిన కప్ 69వ స్థానంలో రామ్స్ జట్టుకు దొరికాడు. 2021 సీజన్‌లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు.

అలాగని అంకెలు దండగ కాదు. 2019లో డీకే మెట్‌కాఫ్ 4.33 పరుగెత్తినా, మలుపుల పరీక్ష త్రీ-కోన్‌లో 7.38 సెకన్లు తీసుకున్నాడు. ఆ జంట అంకెలు రెండు కబుర్లు చెబుతాయి: నేరుగా దూసుకుపోతాడు, గట్టి మలుపుల్లో ఇబ్బంది పడొచ్చు. 64వ స్థానంలో తీసుకున్న సియాటిల్‌కు 2020లో 1,303 గజాలు ఇచ్చాడు. ఎవరు మంచివాళ్లన్న దానికంటే, ఎలాంటి రూట్లు ఇస్తే పనికొస్తారన్నదే మీ నివేదికలో ముందుండాలి.

అరచేతి కొలత మన జానే: బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా. 9 అంగుళాలకు తక్కువైతే వాన మ్యాచ్ డ్రాప్‌లను మళ్లీ చూడండి.

అభ్యాసం: ఒకే రిసీవర్‌వి 40 రూట్లు రాయండి. గడులు ఆరు: కార్నర్ దూరం, ప్రెస్ ఉందా, ఏ రూట్, వెడల్పు వైపా ఇరుకు వైపా, ఎన్ని అడుగుల్లో ఆగాడు, గెలుపు/సమం/ఓటమి. వారం తర్వాత పాత పట్టీ చూడకుండా అవే 40 మళ్లీ రాయండి. ఎనిమిది కంటే ఎక్కువచోట్ల మార్కు మారితే, ఆపిన క్షణం ఒకటేనా అని ముందు సరిచూసుకోండి. పాఠం 6లో అఫెన్సివ్ టాకిల్ వెనక్కి వేసే మొదటి రెండు అడుగులు.