పాత కంప్యూటర్‌కు కీబోర్డు వెతకడం – నాలుగో పాఠం: దూరింది గానీ పలకదు

పోయిన పాఠంలో "ముందు ప్లగ్గు చూడండి" అని చెప్పి ఊరుకున్నాను. దాంతో మీలో చాలామంది ఐదు పిన్నుల గుండ్రటి ప్లగ్గున్న కీబోర్డు తెచ్చుకుని గుచ్చారు. అది హాయిగా దూరింది, కంప్యూటర్ మాత్రం ఉలకలేదు పలకలేదు. కీబోర్డు చచ్చిందనుకుని స్క్రూలు విప్పేసిన వాళ్లూ ఉన్నారు. బిగించెయ్యండి. చాలావరకు దానికేమీ అయ్యుండదు. మీటల శుభ్రత గురించి ఈసారి చెప్తానన్నాను కదా, అది వాయిదా.

1981 నాటి ఐబీఎం పీసీకీ, ఆ తర్వాత అదే కంపెనీ తెచ్చిన ఎక్స్‌టీ అనే మోడల్‌కీ ఒక రకం కీబోర్డు. 1984లో వచ్చిన ఏటీ అనే మోడల్‌కి ఇంకో రకం. ప్లగ్గు ఒకటే, మాట్లాడే భాష వేరు. ఇక్కడే అందరూ పడుతున్నారు కాబట్టి కాస్త విసుగొచ్చేలాగే చెప్తాను. 'ఎ' మీట నొక్కితే ఎక్స్‌టీ కీబోర్డు 30 అనే సంఖ్య పంపుతుంది, ఏటీ కీబోర్డు 28 పంపుతుంది. ఎక్స్‌టీ లెక్కలో 28 అంటే ఎంటర్. ఏటీ లెక్కలో 30 అంటే 2 అంకె. పోనీ తప్పుడు అక్షరమైనా తెర మీద పడుతుందా అంటే, ఆ సంఖ్యను పంపే పద్ధతే వేరు కాబట్టి అదీ నమ్మకం లేదు. పైగా ఎక్స్‌టీ కీబోర్డు చెప్పడమే గానీ వినదు. ఏటీ కంప్యూటర్ మాత్రం కీబోర్డుకు తిరిగి ఆదేశాలిస్తుంది, క్యాప్స్ లాక్ దీపం వెలిగించమనేది అలాంటిదే. జవాబు రాకపోతే ఆన్ చేయగానే కీబోర్డు ఎర్రర్ అని మొరాయిస్తుంది.

నేనైతే ఏ పాత కీబోర్డు చేతికొచ్చినా ముందు బోర్లా తిప్పుతాను. ఐబీఎంవి కాని చాలా కీబోర్డులకు అడుగున చిన్న స్విచ్ ఉంటుంది, ఒక వైపు ఎక్స్‌టీ, ఇంకో వైపు ఏటీ. ఆ స్విచ్ ఉన్నది దొరికితే రంగు వెలిసిపోయినా నేను వదలను. ఐబీఎం అసలువైతే మీటలు లెక్కపెట్టండి: 83 ఉండి దీపాలు లేకపోతే ఎక్స్‌టీది, 84 ఉండి పైన కుడివైపు దీపాలుంటే ఏటీది.

1987 నుంచి వచ్చిన పీఎస్/2 ఆరు పిన్నుల చిన్న ప్లగ్గు, భాష ఏటీదే. కాబట్టి ఏటీకి దాన్ని మామూలు అడాప్టర్‌తో పెట్టుకోవచ్చు, అందులో తీగలు తప్ప ఏమీ ఉండవు. ఎక్స్‌టీకి మాత్రం లోపల చిప్పున్న కన్వర్టర్ కావాలి. యూఎస్‌బీ కీబోర్డును పీఎస్/2 సాకెట్‌లో పెట్టడానికి తగిలించే ఊదారంగు ముక్క కూడా ఉత్త తీగే, ఆ కీబోర్డుకే పీఎస్/2 భాష వస్తేనే పనిచేస్తుంది.

ఆపిల్ వారి పాత కంప్యూటర్ మాకింటాష్ ప్లస్ ఉన్నవాళ్లకు ఒక్క మాట. దాని కీబోర్డు తీగ అచ్చం టెలిఫోన్ రిసీవర్ తీగలా ఉంటుంది. అయినా ఫోన్ తీగ గుచ్చకండి. అందులో తీగలు తారుమారై ఉంటాయి, కీబోర్డు కాలిపోవచ్చు.

అభ్యాసం: కంప్యూటర్ ఆపి, కీబోర్డు తీసేసి, ఐదు పిన్నుల సాకెట్ బొమ్మ గీయండి. నంబర్లు వరసగా ఉండవు. సరిగ్గా మధ్యది 2, దానికి అటూ ఇటూ ఉన్నవి 4, 5. ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేసి, మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి ఆ రెండింటి మధ్య కొలవండి. మొనలు పక్క పిన్నుకు తగలనివ్వకండి. 5 వోల్టులు రావాలి. మైనస్ గుర్తు కనిపిస్తే మొనలు అటూ ఇటూ మార్చండి. ప్లస్‌గా చూపినప్పుడు ఎర్ర మొన ఉన్నది 5, నల్లది 4. అసలేమీ రాకపోతే కొత్త కీబోర్డు కొనకండి, లోపం కంప్యూటర్‌లోనే ఉంది.